నాలుగు వేళ్ళు తక్కువ

అందరూ గోడలకి రంగులేయించుకున్నారు ఆ ఏడే.
సామ్రాజ్యం గారు మాత్రం వేయనివ్వలేదు.
ముందుగదిలో, స్విచ్చిబోర్డుకి జానెడు పైన
టీ డికాషన్ రంగులో ఒక గీత.
చెప్పకుండా వచ్చిన బుడమేరు
పోతూ పోతూ పెట్టిన సంతకం.

అంతకుముందు మాకది కాలవ, అంతే.
సింగ్‌నగర్ వంతెన మీద ముక్కు మూసుకుని
బండి కాస్త గట్టిగా తోలే చోటు.
చచ్చిన కోడి, పగిలిన దేవుడి పటం, పెళ్ళివారి ఎంగిలాకులు,
ఏడ పారేశావంటే కాలవలో.
పేరు పెట్టి పిలిచినవాడు లేడు.
ఆ పేరు అడగడానికే ఇంట్లోకొచ్చిందేమో అనిపించింది
పీకల్లోతు నీళ్ళలో నా జిరాక్స్ మిషను
నిలబడ్డచోటే మునిగిపోతుంటే,
ఎవరెవరి ఇళ్ళ దస్తావేజులో
పడవలుగా మడవకుండానే
పడవలైపోతుంటే.

"దాని తప్పేముందిరా," అన్నాడు దావీదు తాత
మూడోనాడు మేడ మీద, పాలప్యాకెట్ పళ్ళతో చింపుతూ,
"దాని పడకలో మనం మంచాలేసుకున్నాం."
చిన్నప్పుడు అందులో గేదెలు కడిగిన మనిషి.
ఎవరూ మాట్లాడలేదు.

మాఘంలో ఒక ఆదివారం
పులిహోర డబ్బాలతో పంతొమ్మిది మందిమి
ఏటికి ఎదురు నడిచాం, వెలగలేరు దాటి పైకి.
రెల్లు మొదలైంది. వాసన ఆగిపోయింది.
గులకరాళ్ళ మీద నీళ్ళు
పసిపిల్ల పాలు తాగినట్టు చప్పుడు చేస్తున్నాయి.
మస్తాన్‌బీ చెప్పులు చేత్తో పట్టుకుని దిగింది.
"ఇదేనంటయ్యా నా కుట్టుమిషను మింగింది?
మోకాలైనా తడవట్లేదే!"
తిట్టడానికే వచ్చింది పాపం.
తిట్టింది కూడా, ఒకటి రెండు.
తర్వాత వంగి మొహం కడుక్కుంది.

కొండపల్లిలో అచ్యుతరాజు గారు
చింతగింజల జిగురు అంటిన వేళ్ళతో
తెల్లపొణికి చెక్క ఒకటి పిల్లల చేతిలో పెట్టాడు.
బరువేదని వెతుక్కున్నారు వాళ్ళు.
"ఈ చెట్టూ ఆ ఏరూ ఒక కొండకి పుట్టినవే.
అక్కని నరుక్కుంటూ పోయాం,
చెల్లికి పిచ్చెక్కింది," అని
ఏనుగు మీది మావటికి మీసం దిద్దుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు గట్టు పొడుగునా
తాత పేర్లు చెప్తుంటే పిల్లలు రాసుకున్నారు.
జమ్ము, తుంగ, మట్టగిడస, ఇంగిలాయి, నీటికోడి,
ఇంకేవో, నాకు స్పెల్లింగు రానివి.
కనపడినవాటికి టిక్కు పెట్టారు.
టిక్కులు తక్కువే.
ఆ కాగితం కొత్త మిషను మీద వంద తీశాను.
ఆధార్ కార్డయితే రెండు రూపాయలు,
బుడమేరు ఊరికే.

వంతెన దగ్గర బోర్డు రాయించాం,
పచ్చరంగు మీద తెల్లగా నాలుగే అక్షరాలు.
ఆ రాత్రే ఎవడో దాని కిందే
కోడీకల మూట పడేసి పోయాడు.
అబద్ధమెందుకు, నేను ఏడ్చినంత పనిచేశాను.
తాత కర్రతో మూట ఒడ్డుకి లాగుతూ
"పేరు కింద పడేశాడు, చదువుకునే ఉంటాడు," అన్నాడు.
అదొక ఓదార్పు!

దావీదు తాత మనవరాలు కెజియాకి పన్నెండేళ్ళు.
నెలకోసారి సామ్రాజ్యం గారింటికొస్తుంది,
చెప్పులు విడిచి, గోడకి వీపు ఆనించి,
తల మీద స్కేలు పెట్టించుకుంటుంది.
నిన్న నేనే కొలిచాను.
గీతకి ఇంకా నాలుగు వేళ్ళు తక్కువ.
"వానలొచ్చేలోపు అందుకుంటాలే," అంది,
నాతోనో,
గోడతోనో.